మండె విప్పిన శనివారం

"ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?"

చెప్పులు చేత్తో పట్టుకుని, పొలం గట్టు మీద నిలబడి ఆ అమ్మాయి అడిగిన మొట్టమొదటి మాట అది. హెబ్రోనుకు ఒళ్లు మండింది. దమ్ము చేసి నీళ్లు పెట్టిన కయ్య ఉంది, అందులో మబ్బుల నీడలున్నాయి, ఆ చివర కొంగల గుంపు ఉంది. ఇంత కళ్ల ముందు పెట్టుకుని ఏముంది అంటుందా?

"ఏమీ లేదండీ. బురద ఉండాది. మీ పిల్లోళ్లకు ఏసీ హాళ్లు కావాలంటే నెల్లూర్లోనే ఉండాయి కదా."

"కోపమొచ్చిందా?"

"నాకెందుకండీ కోపం?"

"వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి."

ఆమె పేరు అబిగయీలు. నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి సైన్సు చెబుతుంది. ఏడాదికోసారి పిల్లల్ని బయటికి తీసుకెళ్లాలి. ఎప్పుడు చూసినా పార్కే. ఈసారి పంట పండించే పొలం చూపిస్తానని పంతం పట్టింది. మనుబోలు దగ్గర హెబ్రోను వాళ్లకు మాగాణి ఉందని చర్చిలో ఎవరో చెబితే, ముందు తను చూసుకుందామని స్కూటీ వేసుకుని వచ్చేసింది.

"తప్పుగా అనుకోకండి. పుస్తకంలో వరి బొమ్మ చూపిస్తే ఒకమ్మాయి 'మేడమ్, ఇది గడ్డి కదా' అంది. నేనూ మూడు పూటలా అన్నం తినేదాన్నే గానీ దగ్గరికెళ్లి చూసింది లేదు. పిల్లలు నోరు తెరుచుకుని చూసేది ఒక్కటుంటే చెప్పండి, చాలు."

హెబ్రోను కోపం సగం పోయింది. ఆమె నవ్వేసరికి మిగతా సగమూ పోయింది.

"అయితే మండె విప్పే రోజు తీసుకురండి" అన్నాడు.

"మండె అంటే?"

"వడ్లు నానబెట్టి, గోనెసంచిలో మూటకట్టి, పైన గడ్డి కప్పి బరువు పెడతాం. లోపల మొలకొస్తుంది. ఆ మూట విప్పినప్పుడు చెయ్యి పెట్టి చూడాలండీ. ఎట్టా ఉంటుందో నేను చెప్పను. చెప్పినా నమ్మరు."

"అబ్బో, ఏం బిల్డప్పండీ!"

"మీరే చూస్తారుగా."

శుక్రవారం అని ఖాయం చేసుకున్నారు. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. పాములుంటాయా? ఉంటే కరుస్తాయా? బురదలో జారితే యూనిఫారం మరకలు పోతాయా? ఆమె అడిగే ప్రతి ప్రశ్నకూ హెబ్రోను ఎంతో ఓపికగా, అవసరమైన దానికి మూడింతలు జవాబు చెప్పేవాడు. ఫోన్ రాని రోజు గట్టు మీద కూర్చుని సిగ్నల్ ఉందా లేదా అని చూసుకునేవాడు.

ఇక ఆ విత్తనం సంగతి చెప్పాలి. అది కొట్లో దొరికేది కాదు, ఇంటి విత్తనం. హెబ్రోను తల్లి ఆనందకుమారి ప్రతి కోతకూ ముందు తనే కయ్యలో దిగి, మంచి కంకులు ఒక్కొక్కటీ ఏరి, ఎండబెట్టి దాచుకున్నది. ఆ మండె పాడైతే నారుమడిలో చల్లడానికి ఇంట్లో ఇంకొక్క గింజ లేదు.

గురువారం సాయంత్రం ఆమె స్త్రీల కూడికకని నెల్లూరు బయల్దేరుతూ కొడుకును పిలిచింది.

"అబ్బయ్యా, రేపు బడిపిల్లోళ్లు చూసి పోంగానే చల్లేయ్. మండె ఆలస్యమైతే మొలకల వేళ్లు ముడేసుకుంటాయి. వాసనొస్తే ఇంక అంతే."

"నాకు తెలీదామ్మా?"

"నీకు తెలుసు. ఈ మధ్య నీ బుర్ర యాడుంటోందో నాకు తెలీడంలా."

రాత్రికి వాన పట్టుకుంది. పొద్దున్నే కలెక్టరు బడులకు సెలవిచ్చేశాడు. ఆ వెంటనే ఫోన్ మోగింది.

"హెబ్రోను గారూ, సెలవండీ! రేపు రావొచ్చా? మీ విత్తనం ఆగుతుందా? ఆగకపోతే చెప్పేయండి, మానుకుంటాం. నేనేమీ అనుకోను."

అప్పటికే వాన తగ్గుముఖం పట్టింది. కయ్యలో నీళ్లు తీసేస్తే మధ్యాహ్నానికి చల్లేయొచ్చు. కాస్త బుద్ధి ఉన్నవాడెవడైనా 'ఆగదమ్మా, వచ్చే ఏడాది రండి' అనేవాడు.

"ఆఁ, ఏముందండీ? ఆగుతుంది. రండి" అన్నాడు హెబ్రోను.

ఇదీ మనవాడి తెలివి. పోనీ మూట విప్పి నీడలో ఆరబోసినా మొలకలు కాస్త నెమ్మదించేవి. ఆరబోస్తే వేడి పోతుంది, వేడి పోతే ఆమెకు చూపించడానికేముంది? అందుకని ఆ పనీ చేయలేదు. పగలంతా గోనె పక్కనే కూర్చుని నీళ్లు చిలకరిస్తూ, 'ప్రభువా, ఈ ఒక్కరోజు' అని వేడుకున్నాడు. ఎల్లుండి ఆదివారం, ఆ ఇంట్లో ఆదివారం విత్తనం ముట్టరు. ఏదైనా శనివారమే కావాలి.

శనివారం బస్సు వచ్చింది. డ్రైవరు ముత్యాలయ్య తలుపు తీయడమే ఆలస్యం, పిల్లలు బిలబిలా దిగారు.

"అంకుల్, మీ ఆవు ఏదీ?"

"అంకుల్, ఈ నీళ్లలో మొసళ్లుంటాయా?"

అంకుల్ అనే మాటకు హెబ్రోను మొహం మాడిపోయింది. అబిగయీలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, "అన్నా అనండర్రా, పాపం" అంది. ఆ పాపం అన్న మాట ఇంకా బాధగా ఉంది.

గొడ్లచావిడిలో మండె చుట్టూ అందరూ మూగారు. హెబ్రోను బరువులు దించాడు, గడ్డి తొలగించాడు, గోనె మూతి విప్పాడు. వానకు చల్లబడిన గాలిలోకి తెల్లటి ఆవిరి భగ్గున లేచింది. పిల్లలు కెవ్వుమని వెనక్కి దూకారు.

"పొగ! లోపల పొయ్యి ఉందా అన్నా?"

"లేదు. చెయ్యి పెట్టి చూడు."

వరిని గడ్డి అన్న అమ్మాయి ఇదే, బిందు. భయపడుతూనే వేళ్లు పెట్టి, చటుక్కున తీసేసుకుంది.

"మేడమ్! కాలిపోతోంది! వీటికి జ్వరమొచ్చింది!"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెయ్యి పెట్టారు. పెట్టినవాళ్లెవరూ గట్టిగా మాట్లాడలేదు. అంత అల్లరి మూక, ప్రార్థన జరుగుతున్న చోట నిలబడినట్టు గుసగుసలాడుకుంటూ నిలబడింది. చివరికి అబిగయీలు గాజులు పైకి జరుపుకుని మణికట్టు దాకా చెయ్యి దించింది. అలాగే ఉండిపోయింది.

"ఇవన్నీ బతికున్నాయా?" అంది.

"ఒక్కో గింజా బతికుండాది."

"పొయ్యి లేదు, ఎండ లేదు. ఇంత వేడి వీటిదేనా!"

"వేడి పుడుతుందని చిన్నప్పట్నించీ తెలుసు గానీ, ఎందుకు పుడుతుందో నాకూ తెలీదండీ."

ఆమె చెయ్యి తీయకుండానే పిల్లల వైపు తిరిగింది. "శ్వాసక్రియ చెప్పుకున్నాం కదా, గుర్తుందా? ఇదే అది. ఈ గింజలు ఊపిరి పీలుస్తున్నాయి. లోపల దాచుకున్న తిండిని కరిగించుకుని మొలకను పెంచుతున్నాయి. మనం పరుగెత్తితే ఒళ్లు వేడెక్కదూ? అలాగే. ఇప్పుడు మీరు పట్టుకున్నది వీటి ఊపిరి."

హెబ్రోను ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. పుట్టినప్పటినుంచీ ఈ మూటలు కడుతూ విప్పుతూ ఉన్నాడు. అవి ఊపిరి పీలుస్తున్నాయని ఎవరూ చెప్పలేదు. తన ఇంట్లో ఇన్నాళ్లూ ఇంత జరుగుతోందా అనిపించి వాడి ఒళ్లు గగుర్పొడిచింది.

"ఊపిరాడకపోతే మేడమ్?" అడిగింది బిందు.

"చచ్చిపోతాయమ్మా."

ఒక రోజంతా ఎక్కువగా బిగించి ఉంచిన మూట అది. హెబ్రోను మెల్లగా నడిమికి చెయ్యి దూర్చాడు. వేళ్లకు గింజలు తగల్లేదు, మెత్తటి చాప తగిలింది. మొలకల వేళ్లన్నీ ఒకదాన్నొకటి అల్లుకుపోయాయి. కాస్త పులిసిన వాసన కూడా వచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. ఆనందకుమారి దిగింది.

ఆమె ఎవరినీ పలకరించలేదు. నేరుగా వచ్చి మండెలో చెయ్యి పెట్టి, గడ్డలా పేనుకున్న మొలకల్ని పైకి తీసి, వాసన చూసింది.

"నిన్న చల్లలేదా?"

"వాన..."

"పొద్దెక్కేసరికి నిలిచిపోయిందంట కదా! నీళ్లు తీసేదానికి చేతులు పడిపోయినాయా నీకు?"

అబిగయీలు గబగబా ముందుకొచ్చింది. "వందనాలండీ. తప్పు నాదే. నిన్న రాలేక ఇవాళ వస్తామన్నాను..." అని, ఉన్నట్టుండి హెబ్రోను వైపు తిరిగింది. "మీరు ఆగుతుందన్నారు కదా?"

"అన్నాను."

"ఆగదని తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఎందుకన్నారు? పిల్లలు ఒక్కరోజు నిరాశపడతారని ఇంటి విత్తనం చంపుకుంటారా ఎవరైనా?"

హెబ్రోను నేల చూపులు చూశాడు. ఇంక దాచడానికేముంది?

"పిల్లల కోసం కాదండీ."

ముందు అర్థమైంది ముత్యాలయ్యకు, చిన్నగా దగ్గి బస్సు టైరు చూడ్డానికి వెళ్లిపోయాడు. తర్వాత పిల్లలకు అర్థమైంది. "ఓ..." అని సాగదీశారు.

"గమ్మునుండండి!" ఆనందకుమారి గద్దించింది. కొడుకును పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. ఆ అమ్మాయిని కూడా చూసింది. "ఆ ముచ్చట తర్వాత. ముందు తొట్టిలో నీళ్లు పట్టు. పాపా, ఇట్టా రా. నీ వేళ్లు చూపించు."

బిందు రెండు చేతులూ చాచింది.

"సన్నటి వేళ్లు. ఇయ్యే కావాల. మా మొరటు చేతులు పడితే మొలక విరిగిపోతాది. లాగబాకండి. నీళ్లలో మెల్లగా ఊపండి. అయ్యే విడిపోతాయి."

పిల్లలంతా తొట్టి చుట్టూ, గంగాళాల చుట్టూ కూర్చున్నారు. అల్లుకున్న వేళ్లు నీళ్లలో ఒక్కొక్కటే విడుతుంటే, గింజ చివర తెల్లటి దారం లాంటి వేరు, దాని పక్కన ముల్లంత మొలక కనబడేవి. ఒక్కోటి విడిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు 'అబ్బ!' అనేవారు. పొద్దున ఆవు ఏదీ అని అడిగినవాడు ఒక గింజను అరచేతిలో పెట్టుకుని, "దీని వయసు నాలుగు రోజులేనా!" అని చాలాసేపు దాన్నే చూశాడు.

చల్లే ముందు ఆనందకుమారి కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, నా కొడుకు తెలివితక్కువ పని చేసినాడు. గింజ ఏ పాపం ఎరగదు. దాన్ని బతికించు."

"ఆమేన్!" అని పిల్లలు అరిచిన అరుపుకు కయ్య చివర కొంగలన్నీ లేచాయి.

అందరూ నీళ్లు తీసేసిన కయ్య గట్టు వెంట వరసగా నిలబడి విత్తనం విసిరారు. దూరంగా పడాల్సింది దగ్గర పడింది, దగ్గర పడాల్సింది పక్కవాడి తలమీద పడింది. హెబ్రోను నవ్వబోయి అబిగయీలు మొహం చూసి మానుకున్నాడు. బస్సెక్కే ముందు ఆమె వాడి దగ్గరికొచ్చింది.

"నన్ను అబద్ధం చెప్పి రప్పించారు. మీ అమ్మగారి కష్టం పోతే ఆ తప్పులో నాకూ వాటా ఉంటుంది. అది నేను మోయలేను. మొలిస్తే చెప్పండి. మొలవకపోతే నాకు ఫోన్ చేయొద్దు."

ఆదివారం ఆరాధనలో హెబ్రోను ఏ పాట పాడాడో వాడికే తెలీదు. సోమవారం కయ్యలో బురద తప్ప ఏమీ లేదు. మంగళవారమూ అంతే. అన్నం కలిపి ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు. ఆ ముద్దలో ఎన్ని ఊపిరులున్నాయో అని మొదటిసారి అనిపించింది. ఆమె ముఖం ఎలాగూ చూడలేను, కనీసం అమ్మ ముఖం చూడగలిగితే చాలు అనుకున్నాడు.

గురువారం తెల్లారుతుండగా గట్టు మీద బోర్లా పడుకుని, కళ్లు నీటి మట్టానికి దించి చూశాడు. బురద మీద లేత ఆకుపచ్చ. సూదిమొనంత మొలకలు కొన్ని వందలు, కొన్ని వేలు, ఒక్కోదాని కొసన ఒక్కో నీటిబొట్టు. వాడు లేవలేదు. ఎప్పుడొచ్చిందో తల్లి కూడా పక్కన నిలబడి ఉంది.

"ఒకచోట గుబురు, ఒకచోట బట్టతల" అంది ఆనందకుమారి. "నా జన్మలో ఇంత వికారమైన నారుమడి చూడలేదు." అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

హెబ్రోను ఫోన్ తీశాడు.

"ఇట్టా తే. నువ్వు చెబితే ఆ బిడ్డ నమ్మదు" అని తల్లి లాక్కుంది. "అమ్మాయ్, నేను ఆనందకుమారిని. మొలిచింది. అంతా కాదు, నాట్లకు సరిపోద్ది. శనివారం వచ్చి నీ కళ్లతో చూసుకో. మీ నాన్నను కూడా తీసుకురా. ఎందుకేంది? భోజనానికే. మిగతాది ఆయనతో నేను మాట్లాడతాలే."

శనివారం మళ్లీ సన్నగా తుంపర. తండ్రి సుశీల్ కుమార్ గారిని వరండాలో ఆనందకుమారికి అప్పగించి, అబిగయీలు గొడుగు కూడా తీసుకోకుండా గట్టు మీదికి వచ్చింది. నారుమడి ముందు గొంతుక్కూర్చుని అరచేత్తో మొలకల కొసల్ని తాకీ తాకనట్టు నిమిరింది. అవి వంగి మళ్లీ లేచాయి.

"బతికాయి" అంది.

"బతికినాయండీ. నేను అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది. క్షమించండి."

"నేనూ ఒకటి చెప్పాను."

"ఏంది?"

"సెలవిచ్చిన రోజే మా హెచ్.ఎం. గారు ట్రిప్పు రద్దు చేసేశారు. వచ్చే నెల పార్కుకు వెళ్లమన్నారు. పిల్లలు ఏడుస్తున్నారు సార్ అని నేనే కాళ్లావేళ్లా పడి ఒప్పించాను."

"అంత ఏడ్చినారా పాపం?"

అబిగయీలు తల ఎత్తలేదు. వాన చుక్కలు పడుతున్న నీళ్లలోకే చూస్తూ నవ్వింది.

"రద్దయిందని వాళ్లకసలు చెప్పనే లేదండీ."

హెబ్రోను వెళ్లి ఆమె పక్కన బురదలోనే కూర్చున్నాడు. వరండాలోంచి పెద్దవాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుని గట్టిగా నవ్వడం వినిపించింది. తర్వాత ఆనందకుమారి గొంతు వచ్చింది.

"చూసింది చాలు, రండి ఇద్దరూ! అన్నం చల్లారిపోతుండాది!"