మెట్లెక్కిన గుండె

సంగీత కుర్చీలో కూర్చోలేదు. స్మార్ట్ వాచీని డిటెక్టివ్ పరమేశ్వర్ బల్ల మీద పెట్టింది.

"మా ఆయన లింగం మగ్గాల కాడ కూలిండు సార్. నోరు పడిపోయింది. తాగి పడ్డడని మగ్గాల ఓనరు బిక్షపతి సేఠ్ పోలీసు కేసంటుండు. గుజరాత్‌ల తాగుడంటే జైలే గద! ఆయన కల్లు గూడ ముట్టడు."

నిద్రలో లింగం గుండె లయ తప్పుతోందని వాచీ ముందే హెచ్చరించింది. సంగీత అది చూపిస్తే, బిక్షపతి గుండె లయను రికార్డు చేసే, ఛాతీకి అంటించే పట్టీ తెప్పించి, లింగానికి పెట్టమని మగ్గాల అజమాయిషీ చూసే మాస్టర్ రాంప్రసాద్ చేతికిచ్చాడు. పట్టీ రికార్డులో మాత్రం, లింగం కూలిన రోజు దాకా గుండె నిక్షేపంగా ఉంది.

"నాకేం అంటియ్యలేదే అని మా ఆయన ఫోన్ల చెప్పిండు సార్. ఇప్పుడాయనకు నోరే లేదాయె."

"వాచీ కంటే పట్టీయే నమ్మకం కదా సార్?" అంది సహాయకురాలు నీరజ.

"అవును. లింగం ఒంటి మీదే ఉంటే."

ఆసుపత్రిలో లింగం ఛాతీ నిండా ఒత్తుగా వెంట్రుకలు. గొరగకుండా పట్టీ నిలవదని నర్సు చెప్పింది. "అయితే అది ఇంకెవరి ఒంటి మీదో ఉంది," అన్నాడు పరమేశ్వర్.

మర్నాడు సంగీతను వెంటబెట్టుకుని వెళ్లి, కిమ్ ఊళ్లోని బిక్షపతి షెడ్డులో మగ్గాలు ఆపించి అందరినీ నిలబెట్టాడు.

"ఏంది సార్ గీ పంచాయితీ?" బిక్షపతి గద్దించాడు. "చెయ్యి ఊగితే వాచీ అబద్ధమాడ్తది."

"నిద్రలో చెయ్యి ఊగదు సేఠ్. మీ పట్టీ సంగతి చూద్దాం. అది ఒంటి కదలికనూ రాస్తుంది. లింగం పడ్డాక కదల్లేదు. పట్టీ వేసుకున్నవాడు అదే క్షణంలో పరుగెత్తాడు. మెట్లెక్కాడు."

షెడ్డులో మెట్లు ఒక్క చోటికే పోతాయి: సేఠ్ ఆఫీసుకు.

"మేం లింగాన్ని లేపుతుంటే మీదికి ఉరికింది మాస్టరే!" నేతగాడు రాములు అరిచాడు.

గుండీల సందున గోక్కుంటున్న రాంప్రసాద్ చెయ్యి ఆగింది.

"దురదా?" అన్నాడు పరమేశ్వర్. "గొరిగిన వెంట్రుకలు మొలిచేటప్పుడు అంతే. చొక్కా విప్పు."

అతడు చొక్కాను పిడికిట్లో బిగించాడు. రాములే చొక్కా లాగాడు. ఎడమ రొమ్ము పైన నలుపలకలుగా గొరిగిన జాగా, అందులో ముళ్లలాంటి కొత్త వెంట్రుకలు.

"రోగం బయటపడితే సెలవియ్యాలె, దీవాళీ మాల్ ఆగుతది... సేఠే నన్ను పెట్టుకొమ్మన్నడు..."

"నోర్ముయ్‌రా!" అన్నాడు బిక్షపతి.

"లయ తప్పిన గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకెక్కింది. డాక్టర్ల మాటా వాచీ మాటా ఒకటే," అన్నాడు పరమేశ్వర్. "పోలీసు కేసు ఉంటుంది సేఠ్. లింగం మీద కాదు."

సంగీత రాంప్రసాద్ ముందుకొచ్చి నిలబడింది.

"అన్నా అని పిలిచినం నిన్ను. మనిషి కింద పడి ఉంటే మీదికెందుకు ఉరికినవే?"

షిఫ్టు గంట మోగింది. ఏ నేతగాడూ మగ్గం దగ్గరికి కదల్లేదు.