దురద లేని తీగ

డిటెక్టివ్ తలుపు తీయగానే ఒక అమ్మాయి గుమ్మంలోనే బావురుమంది. "మా నాన్న దొంగ కాదండీ! మధ్యాహ్నంలోగా పోలీసులకు పట్టిస్తామంటున్నారు."

ఆమె తండ్రి విత్తనాల పరిశోధన తోటలో తోటమాలి. అక్కడి శాస్త్రవేత్త తొమ్మిదేళ్ళు నానా తంటాలు పడి, ముట్టుకుంటే దురద పుట్టని దూలగొండి తీగను తయారుచేశాడు. ఇవాళ దాని మీద తనిఖీ. తీరా తెల్లవారేసరికి పందిరి మీద ఒక్క కాయ లేదు.

డిటెక్టివ్ వెంటనే చెప్పులేసుకున్నాడు. సహాయకుడిగా వెంట తిరిగే బావమరిదికి కాలు నిలవలేదు. బావ బుర్ర మీద అతనికి అంత గురి.

తోటలో డైరెక్టరమ్మ మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. తోటమాలి చేతులూ మెడా గోక్కుంటూ కూర్చున్నాడు. కంచె మీద అడవి దూలగొండి ఊదారంగు పూలతో అల్లుకుని ఉంది. తుమ్మెదలు అక్కడి నుంచి పందిరి మీద మిగిలిన పూలకు, మళ్ళీ అక్కడికి ఊరికే తిరుగుతున్నాయి.

"రుజువు కళ్ళముందే ఉంది," అన్నాడు శాస్త్రవేత్త. "కాయలు కోశాడు కాబట్టే గోక్కుంటున్నాడు!"

"కంచె దగ్గరికి వెళ్ళావా?" తోటమాలిని అడిగాడు డిటెక్టివ్.

"లేదండీ. పొద్దున పందిరి కింద ఊడ్చానంతే."

"మరి దురద?"

తోటమాలి తల దించుకున్నాడు. ఇక తోటమాలి పని అయిపోయిందని బావమరిది ప్రాణం ఉసూరుమంది. డిటెక్టివ్ మాత్రం పందిరి కింద వంగి, ఎండిన కాయ ముక్కనొకదాన్ని కాగితంతో ఎత్తాడు.

అందరినీ విత్తనాల గదిలో కూర్చోబెట్టి, ఆ కాగితం శాస్త్రవేత్త ముందుకు జరిపాడు. "మీ తీగ కాయే. మణికట్టు మీద రుద్దుకోండి."

శాస్త్రవేత్త చేయి వెనక్కి లాక్కున్నాడు. బావమరిది ఆగలేక తనే రుద్దుకుని, మరుక్షణం "బాబోయ్!" అని గెంతాడు.

"నిరుడు తుమ్మెదలు కంచె మీది పుప్పొడిని పందిరి పూలకు చేర్చాయి," అన్నాడు డిటెక్టివ్. "ఆ గింజలు నాటితే ఈ ఏడాది కాయల మీద దురద నూగు తిరిగొచ్చింది. తనిఖీలో బయటపడుతుందని మీరే కోసి మాయం చేశారు. దూలగొండి అంటే దురదే కదా అని ఎవరూ ఆలోచించలేదు. కానీ దురద లేని కాయలు కోసినవాడు ఎందుకు గోక్కుంటాడండీ?"

డైరెక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

కూతురు తండ్రి భుజం పట్టి కుదిపింది. "ఆ తీగకి దురదుందని నీకు తెలుసా నాన్నా? పొద్దున్నే చెప్పొచ్చు కదా!"

"నెల కిందటే తెలుసమ్మా," అన్నాడు తోటమాలి. "చెబితే సారు తొమ్మిదేళ్ళ కష్టం పోతుంది కదా."