అడిగింది తేదీ... ఇచ్చింది ఇల్లు

మెట్లు. ఇంకా మెట్లు.

చంకలో పాప. చెవికి ఫోను. కాళ్లకి చెప్పుల్లేవు.

పైన తలుపు విరిగిన చప్పుడు!

ఆమె వెనక్కి చూడదు. చూస్తే కాళ్లు ఆడవు. పోయినసారి మొగుడు విరిచిన మణికట్టు పాపని మోయనంటోంది.

"వెనక గేటు దగ్గర నేను పిలిచిన కారుందక్కా. ఎక్కెయ్," ఫోన్లో తమ్ముడు.

ఎక్కుతుంది. కారు కదిలాక అడుగుతుంది.

"నేను దాక్కున్న ఇల్లెలా తెలిసిందిరా వాడికి?"

తమ్ముడు పిల్లల ఆస్పత్రిలో ప్రోగ్రామర్. టీకాల యాప్ రాసింది అతని జట్టే. జరిగింది చెబుతాడు. పాప టీకా కార్డు మీద తండ్రి నంబరు అలాగే ఉండిపోయిందట. ఆ నంబరుతో బావ టీకా ఎప్పుడని యాప్‌లో నొక్కాడట. యాప్ అప్పుడు వివరాలుండే డేటాబేస్‌ని తేదీ ఒక్కటే అడగాలి. ఏం కావాలో పేరుపెట్టి అడిగే ఓపిక లేక, పాప వివరాలన్నీ ఫోనుకి పంపి, చిరునామాని తెర మీద మాత్రం దాచారట.

"పైకి కనపడదక్కా..."

"మీ బావ చేసేది ఫోన్ల రిపేరు. తెర వెనక చూడటమే వాడి బతుకు."

అగ్గిపుల్ల అడిగినవాడికి ఇంటి తాళాలిచ్చారు. చదువుకున్నవాళ్లు, నలుగురు కూర్చుని!

సిగ్నల్. కారు ఆగుతుంది.

పక్కనే బైకు... అతనే!

పాప తల ఒళ్లోకి అదుముకుని సీటు కిందికి జారుతుంది. బైకు ఆగదు. సందుల్లోంచి దూసుకుపోతుంది. అతను ఇటు తల కూడా తిప్పలేదు.

చూడలేదు... బతికాం.

తమ్ముడి స్నేహితుడి ఫ్లాటు. మనుషులు లేరు. తాళంచెవి మీటరు పెట్టె మీద ఉందంటాడు తమ్ముడు. ఉంది. నీ పాత చిరునామా తీసేశానక్కా, భయపడకు అంటాడు.

తలుపు దాకా వెళ్లిన చెయ్యి ఆగుతుంది.

"తీసేసి, ఖాళీగా ఉంచావా?"

"ఖాళీగా ఉంచితే డేటాబేస్ ఒప్పుకోదు. చిరునామా లేకపోతే సేవ్ అవ్వదక్కా."

"మరి?"

"ఈ ఫ్లాటుది రాశాను."

"ఎప్పుడు?"

"నువ్వు కారెక్కగానే."

"వివరాలన్నీ పంపే ఆ కోడ్ మార్చాకేగా?"

 

"మార్చానక్కా... యాప్‌లోకి రేపు ఎక్కిస్తారు."

బైకు మీద అతను తల తిప్పలేదు. తిప్పాల్సిన పని లేదు!

వరండా చివర, చీకట్లో, ఒక ఫోను తెర వెలుగుతుంది. ఆ వెలుగులో గడ్డం. తర్వాత నవ్వు.

"నీ తమ్ముడు మంచోడే," అంటాడు ఆమె మొగుడు, తీరిగ్గా లేస్తూ. "ఈసారి కూడా నేనడిగింది టీకా తేదీయే."