వందన అడిగిన గుడ్లు

ఎడ్లపాడు దగ్గర విశాల్ కోళ్లఫారం నుంచి తళతళలాడని గుడ్డు బయటికి కదలదు. అందుకే నరసరావుపేట డిగ్రీ కాలేజీ లెక్చరర్ వందన ఫోన్ చేసి, ల్యాబ్‌లో ప్రయోగానికి మంచి గుడ్లు కావాలనగానే, పెద్దవి ఏరి, శుభ్రంగా తుడిచి, విశాల్ తనే బైక్ మీద తెచ్చిచ్చాడు.

నాలుగు రోజులకి ఆమె ఫారం గేటు దగ్గర నిప్పులు చెరుగుతూ దిగింది. ఇంక్యుబేటర్‌లో పెట్టిన గుడ్లను స్టూడెంట్స్ ముందు తెరిస్తే పచ్చసొన తప్ప పిండం లేదట. వచ్చే సోమవారం ప్రిన్సిపాల్ వస్తాడట. ఈసారీ ప్రయోగం పోతే ల్యాబ్ గది కంప్యూటర్లకు పోతుందట.

"మా ఫారంలో పుంజే లేదండీ. పిల్లెట్టా వచ్చిద్ది? పొదిగేదానికని మీరు చెప్పలా."

"మీరు అడగలా" అంది వందన. కోపంలో ఆమె మాచర్ల యాస బయటపడింది. అది విశాల్‌కి తెగ నచ్చింది. కానీ ఇప్పుడు నవ్వితే బతకనివ్వదని తల దించుకున్నాడు.

ఇంట్లో నాయనమ్మ సీతమ్మ పొదగేయడానికని బియ్యంలో దాచిన నాటుకోడి గుడ్లున్నాయి. వాటి జోలికి ఎవరూ వెళ్లరు. మనవడు బతిమాలితే ఆమె ఇచ్చింది గానీ, వాటితో ఏం చేస్తారో కళ్లారా చూస్తానని షరతు పెట్టింది.

సోమవారం వందన, ఇంక్యుబేటర్‌లో నాలుగు రోజులు పొదిగిన నాటుగుడ్డు పెంకుకి చిన్న కిటికీ తీసింది. రక్తనాళాల మధ్య గుండె కొట్టుకుంటోంది. తలలో మెదడు చిన్న బుడగల్లా ఉబ్బి కనిపిస్తోంది. తెర మీద బొమ్మలు చూపిస్తూ ఆమె చెప్పుకుపోయింది. నాడీకణాలు ఒకచోట పుట్టి, తమ చోటికి పాక్కుంటూ వెళ్తాయి. అక్కడి నుంచి సన్నని పోగు చాచి, తడుముకుంటూ జతను వెతుక్కుంటాయి. జత కుదరని కణాలు చాలావరకు చచ్చిపోతాయి.

గది మీకే అన్నాడు ప్రిన్సిపాల్. వెనక బెంచీలో నాయనమ్మ పక్కన కూర్చున్న విశాల్ ఛాతీ ఉబ్బిపోయింది, ఆ మెదడేదో తనే తయారుచేసినట్టు.

అందరూ వెళ్లాక సీతమ్మ వందన చేతులు పట్టుకుంది.

"ఎన్నో కోడిపిల్లల్ని లేపా గానీ, గుడ్డు లోపలింత పని జరుగుద్దని నాకు చెప్పినోళ్లు లేరమ్మా. నువ్వు మా ఇంటికొస్తే బాగుండు."

విశాల్ ముందుకొచ్చాడు. మనసులోది దాచుకోలేదు. "నాక్కూడా అదే ఉంది. ఇందాక మీరు చెప్తుంటే, ఈమె నా మనిషని నలుగురికీ చెప్పుకోవాలనిపించింది."

వందన గుడ్డును జాగ్రత్తగా ఇంక్యుబేటర్‌లో పెట్టింది.

"ఆదివారం మాచర్లలో మా ఇంటికి రండి" అంది. "నాన్నతో ముందు నేను మాట్లాడతా. మీ గురించి నేనూ గొప్పగా చెప్పుకోవాలి గదా."