ఆ పేరు గలవాళ్ళు ఈ ఇంట్లో లేరు

సెప్టెంబరు చివరి శనివారం మా ప్రిలెప్ ఊళ్ళో ఏ పెరట్లో చూసినా పొగే. ఏడాదికి సరిపడా ఐవార్ పచ్చడి పెట్టుకునే రోజులవి. స్పాసే ఇంట్లో కూడా తెల్లవారకముందే ఇనప పొయ్యి ముట్టించారు. అతని భార్య రాట్కా ఎర్ర మిరపకాయలు రేకు మీద పరిచి కాలుస్తోంది. కూతురు ఫ్రోసినా వేడివేడి కాయల తొక్క ఒలుస్తూ వేళ్ళు ఊదుకుంటోంది. వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, స్పాసే తల్లి లెంకా గింజలు తీస్తోంది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఎండాకాలంలో తుంటి విరిగినప్పటి నుంచి ఆ కిటికీయే ఆవిడకు వీధీ, ఊరూ.

పచ్చడి పనిలో ఉన్నంతసేపైనా రాజకీయాలు మాట్లాడొద్దని రాట్కా ముందే చెప్పింది. ఆ ఇంట్లో అలాంటి మాట గోడకు చెప్పుకున్నట్టే. నెల రోజులుగా తండ్రీ కూతుళ్ళు అరుచుకోకుండా ఒక్క పూట భోజనం ముగియలేదు. మర్నాడే ప్రజాభిప్రాయ సేకరణ. దేశం పేరు ముందు 'ఉత్తర' అని తగిలించుకుంటే ఆ పేరు తమదని గొడవపడే పొరుగు గ్రీసు అడ్డు తప్పుకుంటుందట, యూరప్ మనల్ని రానిస్తుందట. మాసిడోనియా అన్న పేరు చాలదా, దానికి దిక్కు చూపించాలా అని సగం ఊరు మండిపడుతోంది. సగం మందైనా ఓటుకు రాకపోతే ఆ తీర్పు చెల్లదు. అందుకే వద్దనేవాళ్ళు 'వద్దు' అని ఓటు వేయడం మానేసి, అసలు వెళ్ళకూడదని పట్టుబట్టారు. దాంతో లోపల ఏం వేశావన్నది ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. ఓట్లు వేసే బడి మెట్లెక్కావంటే చాలు, నువ్వెవరి మనిషివో వీధి తేల్చేస్తుంది.

"రేపు బడి దాకా వెళ్ళినవాళ్ళు అటునుంచి అటే పోవచ్చు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కక్కర్లేదు" అన్నాడు స్పాసే, పొయ్యిలోకి కట్టె తోస్తూ.

"ఎవరికి నాన్నా ఈ బెదిరింపు? నాకేనా?" అంది ఫ్రోసినా.

"పేరు అమ్ముకునేవాళ్ళకి."

"పేరు నమిలితే కడుపు నిండుతుందా? నాతో చదివినవాళ్ళలో ఇంకా ఊళ్ళో ఉన్నది నలుగురు. మిగతావాళ్ళంతా జర్మనీలో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తున్నారు."

"పిల్లలకి పాఠాలు చెప్పే నోరేనా అది? రేపు వాళ్ళకేం నేర్పుతావ్, మీ దేశం పేరు ఫలానా, అది కూడా ఎల్లుండి దాకానే అనా?"

"రాయి కోసీ కోసీ నీ బుర్ర కూడా రాయైపోయింది నాన్నా."

స్పాసే పాతికేళ్ళుగా పాలరాతి గనిలో పనిచేస్తున్నాడు. ఆ మాట ఎక్కడో తగిలింది. పట్టకారుతో కిటికీ వైపు చూపించాడు.

"అదిగో, మీ నానమ్మ ముఖం చూడు. సరిహద్దు అవతల ఆవిడ పుట్టిన ఊరి పేరు గ్రీకులు మార్చారు, ఆవిడ పేరు మార్చారు. ఎనిమిదేళ్ళ పిల్లని యుద్ధంలో కొండలు దాటించి తరిమేశారు. మళ్ళీ వాళ్ళ మాట విని పేరు మార్చుకోవాలా? ఆవిడ బతికుండగానా?"

"నానమ్మని అడ్డం పెట్టుకోకు. అంత చూసింది కాబట్టే ఇక గొడవలు వద్దనుకుంటుంది. నానమ్మ నా వైపే."

"మా అమ్మ సంగతి నువ్వు చెప్పాలా నాకు?"

"కాయలు మాడుతున్నాయి!" అని అరిచింది రాట్కా. ఇద్దరూ ఆగారు. లెంకా తల ఎత్తలేదు. గింజలు తీసుకుంటూనే ఉంది. ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు కూడా.

పదకొండు గంటలకు గేటు ముందు ఒక కారు ఆగింది. ముగ్గురు దిగారు. ఒకతని చేతిలో చిన్న పెట్టె, దాని మూతకు సీలు. మంచం పట్టినవాళ్ళు, కదల్లేనివాళ్ళు ముందే దరఖాస్తు పెట్టుకుంటే ఒకరోజు ముందుగా ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారు. ఆ పెట్టె ఎందుకో మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. పక్కింటి జివ్కో తన పొయ్యి వదిలేసి కంచె మీద మోచేతులు ఆన్చాడు. స్పాసే, జివ్కో కలిసే నెలంతా ఇల్లిల్లూ తిరిగి, ఓటుకు వెళ్ళొద్దని కరపత్రాలు పంచారు.

"ఏం స్పాసే, పెట్టె దారి తప్పి నీ ఇంటికొచ్చిందా?" అన్నాడు జివ్కో నవ్వుతూ.

కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కాగితం చూసి చదివింది. "ఫిలిపోవా లెంకా. ఇదే ఇల్లు కదండీ?"

స్పాసే ముఖం ఎర్రబడింది. తన ఇంటికి, తన గేటు ముందుకు, జివ్కో చూస్తుండగా! కూతురే వెనక నుంచి ఈ పని చేసిందనుకున్నాడు. కంచె మీది నవ్వు తప్ప ఆ క్షణంలో అతనికి ఇంకేమీ కనిపించలేదు. గేటు గడియ మీంచి చెయ్యి తీయలేదు.

"ఆ పేరు గలవాళ్ళు ఈ ఇంట్లో లేరు" అన్నాడు.

"లేరా? చిరునామా ఇదేనే..."

"లేరని చెప్పాను కదండీ. వెళ్ళండి."

ఆవిడ ఏదో రాసుకుంది. మిగతా ఇద్దరూ కింద సంతకాలు పెట్టారు. కారు వెళ్ళిపోయింది. జివ్కో బొటనవేలు ఎత్తి చూపించి తన పొయ్యి దగ్గరకు పోయాడు.

స్పాసే వెనక్కి తిరిగి కూతురి మీద విరుచుకుపడ్డాడు. "సిగ్గులేదూ? ముసలిదాని ఓటు కూడా దొంగచాటుగా వాడుకుందామనుకున్నావా?"

"నాకేం తెలుసు? నేనసలు..."

"అబద్ధాలాడకు!"

"దాన్ని అనకండి" అంది రాట్కా. గరిట పక్కన పెట్టి, చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ అతని మాటకు అడ్డం రావడం అరుదు. "దరఖాస్తు తీసుకెళ్ళి ఇచ్చింది నేను. అత్తయ్య ఇవ్వమంది, ఇచ్చాను."

"అమ్మా? అమ్మకెందుకు ఓటు?"

కిటికీలోంచి లెంకా గొంతు వినిపించింది. అరవలేదు, మామూలుగానే అంది.

"కిటికీ తెరిచే ఉందిరా."

స్పాసే కిటికీ వైపు తిరిగాడు.

"మా ఊళ్ళో అమ్మ నన్ను లెంకా అని పిలిచేది. గ్రీకు బళ్ళో అలా పలికితే పంతులు అరచేతి మీద కొట్టేవాడు. నువ్వు ఎలెనీవి అన్నాడు. సరేనన్నాను. కొండలు దాటాక పోలండు పంపారు. అక్కడ పిల్లల వసతిగృహంలో రిజిస్టరు ముందు నిలబెట్టి హెలెనా అని రాశారు. దానికీ సరేనన్నాను. ఇక్కడికొచ్చాక మళ్ళీ లెంకా అన్నారు. ఒక్కళ్ళూ నన్నడగలేదు, పిల్లా, నీకేం కావాలీ అని. ఈ వయసులో ఒక కాగితం ఇచ్చి అడుగుతామంటున్నారు. నెలరోజులుగా తండ్రీ కూతుళ్ళు నా పేరు చెప్పి కొట్టుకుంటున్నారే, మీలో ఎవరైనా అడిగారా?"

ఫ్రోసినా తల దించుకుంది.

"వాళ్ళు నా పేరు మార్చారు, నిజమే. కానీ స్పాసే, ఆ పేరు గల మనిషే లేదని మాత్రం వాళ్ళెవరూ అనలేదురా."

ఆవిడ చెయ్యి చాచి కిటికీ మూసేసుకుంది.

స్పాసే మసి చేతులతోనే వీధిలోకి పరిగెత్తాడు. జివ్కో పిలుస్తున్నా ఆగలేదు. నాలుగో వీధిలో ఇంకో ముసలాయన ఇంటి ముందు ఆ కారు పట్టుకున్నాడు. రొప్పుతూ, "ఉంది, మా అమ్మ ఉంది, నేనే తప్పు చెప్పాను, ఒక్కసారి వెనక్కి రండి" అన్నాడు. కళ్ళజోడావిడ జాలిగానే చూసింది. కానీ రాసేశారు, ముగ్గురూ సంతకాలు పెట్టేశారు. మీ నోటితో మీరే లేరన్నారు కదా అంది. అదేమీ దెప్పిపొడుపు కాదు, ఉన్నమాటే. అయినా ఎవరో చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయాడు.

మర్నాడు ఉదయం అతను తల్లిని కారులో కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళాడు. బడి ఎదురుగా కాఫీ దుకాణం. వెళ్ళకూడదన్నవాళ్ళంతా అక్కడే కూర్చుని, వెళ్ళేవాళ్ళను లెక్కపెడుతున్నారు. వాళ్ళలో జివ్కో కూడా ఉన్నాడు. స్పాసే తల్లిని రెండు చేతులా ఎత్తుకుని, పదకొండు మెట్లూ ఎక్కాడు. దుకాణంలో తలలన్నీ అటు తిరిగాయి. వరసలో ఉన్న ఫ్రోసినా పరుగున వచ్చి నానమ్మ చెప్పు జారిపోకుండా పట్టుకుంది. గుమ్మం తొక్కవద్దన్న మాట తండ్రికీ గుర్తులేదు, కూతురికీ గుర్తులేదు.

"ఈవిడ మా అమ్మ. ఫిలిపోవా లెంకా. ఓటు వేయించండి" అన్నాడు గదంతా వినపడేలా.

బల్ల దగ్గరి కుర్రాడు జాబితా మీద వేలు పెట్టి కిందికి దించాడు. ఒకచోట ఆగాడు. అక్కడ పేరు మీద గీత ఉంది.

"ఈవిడది ఇంటి దగ్గర ఓటండీ. ఇక్కడి జాబితాలోంచి తీసేశారు. నిన్న వెళ్ళారు కూడా... చిరునామాలో లేరని రాసుంది."

"ఉంది కదయ్యా! నా చేతుల్లో ఉంది, చూడు!"

"కనిపిస్తోందండీ. కానీ కాగితం ఇవ్వడానికి నాకు వీల్లేదు." ఆ కుర్రాడు ఇబ్బందిగా కదిలి, ఇంకో పేరు చూశాడు. "మీ పేరుందండీ. కావాలంటే మీరు వేయొచ్చు."

స్పాసే ఆ కాగితాల దొంతర వైపు ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగాడు.

బడి వసారాలో చిన్నపిల్లలు కూర్చునే బల్ల ఒకటి ఉంది. దాని మీద తల్లిని కూర్చోబెట్టి, తను కింద నేల మీద కూర్చున్నాడు. ఆవిడ కొత్త రుమాలు తలకు కట్టుకుని, చలికాలం కోటు వేసుకుని వచ్చింది. సంచిలో గుర్తింపు కార్డు, దానికొక గుడ్డ చుట్టి ఉంది.

"అమ్మా" అన్నాడు. "కాగితం ఇచ్చుంటే అవునుకా వద్దుకా, దేనికి సున్నా చుట్టేదానివి?"

లెంకా ఎదురుగా వరసలో నిలబడ్డ మనవరాలి వైపు చూసింది. తర్వాత కొడుకు తల మీద చెయ్యి వేసింది. నిన్నటి మసి ఇంకా అతని చెవి వెనక ఉంది.

"నాకేం తెలుసురా? కాగితం చేతికొచ్చాక ఆలోచిద్దామనుకున్నాను."

స్పాసే ఆవిడ కోటు అంచులో ముఖం దాచుకుని ఏడ్చాడు. లోపల బల్ల దగ్గర ఎవరో తర్వాతి పేరు పిలిచారు.