నాలుగో కోర్ మీద హాజరు పట్టీ

ఉదయం పది నలభైకి గూఢచారి శాఖ పెద్దాయన తలుపు గడియ వేసి, ఏజెంట్ నీడ చేతికి ఫైలు ఇచ్చాడు.

ఆరడుగుల ఐదంగుళాలుండి, ప్రతి గుమ్మానికీ తల కొట్టుకునే మనిషికి 'నీడ' అని కోడ్‌నేమ్ పెట్టిన శాఖ అది. పదకొండేళ్లలో ఇరవై మూడు మిషన్లు నడిపింది. ఇరవై మూడూ శత్రువులే గెలిచారు.

"సొరంగం పని," అన్నాడు పెద్దాయన. "అడుగున నీళ్లు ఊరుతుంటాయి. ఒక్క పంపే తోడిపోస్తుంటుంది. పదకొండున్నరకి దాని మోటార్ ఆగిపోతుంది."

"బాంబా?"

"బాంబెందుకు? విదేశీ ముఠా ఆ మోటార్‌ని నడిపే చిప్‌లో దూరింది. ఒకసారి ఆగిందా, మళ్లీ స్టార్ట్ కాకుండా లాక్ పడుతుంది. కొత్త చిప్ రావాలంటే ఆరు వారాలు."

"లోపల?"

"నలభై ముగ్గురు. నడిచి బయటికి రావడానికి నలభై నిమిషాలు. నీళ్లు నెత్తికెక్కడానికి పదిహేడు."

"ఫోన్ చేసి పైకి రమ్మనండి సార్!"

"లోపల సిగ్నల్ లేదు. సైట్ ఆఫీసుకి చేశాం. లెటర్ పంపమన్నారు." పెద్దాయన గొంతు తగ్గించాడు. "మీ బావ కూడా అక్కడే కదా?"

నీడ తలూపాడు. అక్క పెళ్లయిన పదహారేళ్లుగా, నువ్వేం ఉద్యోగం చేస్తావురా అని బావ అడగని రోజు లేదు. నీడ ఇన్సూరెన్స్ అని చెప్పేవాడు.

శాఖ ఇచ్చిన సామగ్రి: బుల్లెట్లు లేని పిస్తోలు, మెకానిక్ ఖాకీ డ్రెస్సు. బుల్లెట్లు కావాలని రాసి రెండేళ్లయింది. ప్యాంటు మోకాళ్ల కిందే ఆగిపోయింది.

పదకొండూ పదికి నీడ సొరంగం నోటి దగ్గరున్న పంపు గదిలోకి దూరి, గుమ్మానికి తల కొట్టుకున్నాడు. గ్రీజు వాసన. మోటార్ హోరుకి పళ్లు జివ్వుమంటున్నాయి. బీరువాంత కంట్రోల్ ప్యానెల్ పక్కన, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. చిప్ కంపెనీ ఇంజినీరు. ఆవిడ సెంటు గ్రీజు వాసనని కూడా ఓడించేసింది. అందుకే శాఖలో ఆవిడ పేరు సెంటు మేడమ్.

"వాన పడేలా ఉందా?" అన్నాడు నీడ.

"మా ఇంట్లో మాత్రమే," అంది ఆవిడ.

కోడ్ సరిపోయింది. అదే కోడ్ ముఠాకి కూడా సరిపోతుందని అందరికీ తెలుసు.

"ఎవరి పక్షం మేడమ్ మీరు?"

"సోమ, బుధ, శుక్ర మీ పక్షం. మంగళ, గురు, శని వాళ్ల పక్షం. ఇవాళ మంగళవారం."

"అయితే?"

"లీవ్ పెట్టాను." ఆవిడ స్క్రీన్ అతని వైపు తిప్పింది. "ఆ ప్రోగ్రామ్ ఎక్కించింది నేనే. ఖాళీ సొరంగం అన్నారు. ఎక్కించాక చూస్తే లోపల మనుషుల పేర్లు కనబడ్డాయి. తీద్దామంటే రావట్లేదు."

ఒకే చిప్‌లో నాలుగు కోర్‌లు, అంటే నాలుగు బుర్రలు. మొదటిది మోటార్ కరెంటుని సెకనుకి ఇరవై వేలసార్లు సరిచేస్తుంది. రెండోది వేగం చూస్తుంది. మూడోది బయటి నెట్‌వర్క్‌తో మాట్లాడుతుంది. ముఠా వచ్చింది ఆ దారినే, కూర్చుంది మొదటిదాని నెత్తిన. నాలుగోది కాపలా. మొదటిదానికి ఏమైనా అయితే, యాభై మైక్రోసెకన్లలో దాని పని అందుకోవాలి. మనిషి కన్ను ఆర్పే లోపు ఆ గడువు రెండు వేలసార్లు దాటిపోతుంది.

"నాలుగోదానికి అప్పజెప్పండి మరి!"

"దాని మీద చోటెక్కడిది? ఈ సైట్ వాళ్లు హాజరు పట్టీ ఎక్కించారు."

నీడకి అర్థం కాలేదు. ప్యానెల్ వెనక నుంచి, సైట్‌లో హాజరు వేసే టైమ్‌కీపర్ వచ్చి వివరించాడు. "హాజరు మెషీన్‌కి కంప్యూటర్ అడిగితే ఇవ్వలేదు సార్. ఈ నాలుగోది ఏ పనీ లేకుండా కాపలా అంటూ కూర్చుంది. ఉత్తినే తిని కూర్చునేవాణ్ణి ఎవరు మేపుతారు? పని పెట్టాం."

"తుడిచేయాలి. ఇప్పుడే," అన్నాడు నీడ.

టైమ్‌కీపర్ రెండు చేతులూ చాచి ప్యానెల్‌కి అడ్డంగా నిలబడ్డాడు. "నెల హాజరు సార్! ఇద్దరు ఆఫీసర్ల సంతకాలు లేనిదే చీమని కూడా తుడవనివ్వను."

నీడ పిస్తోలు తీశాడు.

"కాల్చండి. డ్యూటీలో పోయాడని రాస్తారు. హాజరు పోతే సస్పెండ్ చేస్తారు. ఏది మేలో మీరే చెప్పండి."

పదకొండూ ఇరవై ఐదు. నాలుగోదాని మీదికి మోటార్ నడిపే ప్రోగ్రామ్ ఎక్కడానికి మూడు నిమిషాలు కావాలని సెంటు మేడమ్ గుర్తుచేసింది. నీడ పిస్తోలు జేబులో పెట్టి, కిందికి పోయే చీకటి బాట వైపు చూశాడు. అక్కకి ఏ ఇన్సూరెన్స్ సంగతి చెప్పాలి?

"అన్నా," అన్నాడు మెల్లగా. "ఆ నలభై ముగ్గురూ పోతే, రేపట్నుంచి ఎవరి హాజరు వేస్తారు?"

టైమ్‌కీపర్ చేతులు కొంచెం కిందికి దిగాయి.

"అప్పుడు... నా పోస్టే ఎత్తేస్తారు." పక్కకి జరిగాడు. "తుడవండి సార్. తొందరగా!"

పదకొండూ ఇరవై తొమ్మిది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లకి సెంటు మేడమ్ మీట నొక్కింది. మోటార్ హోరు ఒక్కసారి గుటక మింగినట్టు తగ్గి, మళ్లీ అందుకుంది. తెర మీద మొదటి కోర్ చచ్చింది. నాలుగోది నడుస్తోంది.

ఫోన్ మోగింది. పెద్దాయన.

"ఆగలేదా? శభాష్. మిగతా ఆరు ఊళ్లలో పంపులు ఆగిపోయాయి."

"మనుషులు?"

"అక్కడ లోపల ఎవరూ లేరు. ఈసారికి."

"ఈ చిప్ ఇంకా ఎన్నిచోట్ల ఉంది?" నీడ సెంటు మేడమ్‌ని అడిగాడు.

"రెండు వందలు లెక్కపెట్టి మానేశాను," అంటూ ఆవిడ ల్యాప్‌టాప్ మూసి, రేపు బుధవారం కదా అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

పన్నెండుంబావుకి షిఫ్టు దిగి, బురద కొట్టుకుపోయిన మనుషులు ఒక్కొక్కరే గేటు దాకా వచ్చారు. అక్కడే ఆగిపోయారు. నీడ పరుగెత్తాడు. కటకటాల అవతల బావ, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బామ్మర్దీ, నువ్వేంట్రా ఇక్కడ? ఆ పొట్టి ప్యాంటేంటి?"

"ఇన్సూరెన్స్ పని మీద. నువ్వు బయటికి రా బావా!"

"ఎలా రమ్మంటావు? హాజరు తుడిచేశారట. లోపలికి వెళ్లినట్టు లేనివాణ్ణి బయటికి పంపడం కుదరదంటున్నాడు మా టైమ్‌కీపరు. రికార్డు ప్రకారం నేను ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. మీ అక్కకి ఫోన్ చేసి, భోజనం పెట్టేయమని చెప్పు."