ఎదురుకాళ్ళ బిడ్డ

ఆదివారం పొద్దున్నే కోవిల్‌పట్టిలో మొదటి బస్సు పట్టుకుని దేవిప్రియ పుట్టింటికి వచ్చేసరికి, వాళ్ళ నాయన లక్ష్మణసామి వాకిట్లో చాప పరిచి, తమలపాకుల పళ్ళెం పక్కన పెట్టుకుని పెళ్ళిపెద్దలాగా కూర్చుని ఉన్నాడు. ఆ చాప చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది. అమ్మకి బాగాలేదంటే పరుగెత్తుకుని వచ్చింది గాని, మళ్ళీ తన కాళ్ళ కోసమే పిలిచాడని అనుకోలేదు.

దేవిప్రియ ఎదురుకాళ్ళతో పుట్టింది. తల ముందు రావాల్సిన బిడ్డ కాళ్ళు ముందు పెట్టి భూమ్మీద పడింది. అట్లా పుట్టినవాళ్ళు తొక్కితే ఎంతటి నడుంపట్టయినా వదిలిపోతుందని ఏళాయిరంపన్నై చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో గట్టి నమ్మకం. చిన్నప్పుడు ఆమెకు ఆదివారం అంటే సెలవు కాదు. తెల్లవారక ముందే ఎవరో ఒకరు గడప ముందు బోర్లా పడుకుని ఉండేవారు. నిద్రకళ్ళతో వాళ్ళ నడుం మీద ఎక్కి దిగితే, తమలపాకులు పెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవారు. లక్ష్మణసామి మీసం దువ్వుకుంటూ "మా పాప కాలు పడితే చాలు" అని టీ అంగడిలో గొప్పలు పోయేవాడు. పెళ్ళయి కోవిల్‌పట్టి చేరాకే ఆ పిల్లకి ఆదివారం నిద్ర దక్కింది.

"వస్తివా పాపా? కాళ్ళు కడుక్కోని రా. ఎండ ఎక్కక ముందరే అయిపోవల్ల," అన్నాడు లక్ష్మణసామి.

"అమ్మ యాడుండాది నాయినా?"

"వంటింట్లో నిలబడుకోని ఉండాది. నిలబడుతుంది, నడుస్తుంది, పక్కింటికి పోయి మాట్లాడొస్తుంది. కూర్చోమంటే మాత్రం కాదంట మహారాణికి! మిరపకాయలు కుప్పగా పడుండాయి. విరుదునగర్ వ్యాపారి రేపో మాపో వస్తాడు. తొడిమలు ఎవురు తీసేది?"

వసారాలో మిరపకాయల కుప్ప ముందు కూలికి వచ్చిన కార్తీశ్వరి ఒక్కతే కూర్చుని తొడిమలు తుంచుతోంది. ఆ మాటకి తల ఇంకా కిందికి దించుకుంది.

వంటింట్లో తల్లి బొమ్మక్క గట్టుకు ఆనుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఒంటి బరువంతా కుడికాలి మీద వేసింది. నడుం ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. కూతుర్ని చూసి నవ్వింది గాని, ఆ నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

"ఎట్లుండాదమ్మా?"

"ఏముండాది, సుమ్మా, ఊరికే కొంచెం పీకుడు. పోయిన అమాసకి నువ్వు తొక్కిపోతివే, దాంతో నడుం సర్దుకునింది. ఎడంకాల్లోనే పిర్ర కాడ్నుంచి చిటికెనవేలు దాకా తీగ లాగినట్టుండాది. అదీ పోతాదిలే."

"నడుం సర్దుకుంటే కూర్చోను ఏమిటికి కాలేదు?"

వాకిట్లోంచి లక్ష్మణసామి కేకేశాడు. బొమ్మక్క చెయ్యి తుడుచుకుని, చెప్పులేసుకుని, గోడ పట్టుకుంటూ చాప వైపు బయలుదేరింది. నాలుగడుగులు పోయేసరికి ఎడంకాలి చెప్పు జారి వెనకనే ఉండిపోయింది. ఆమె ఆగలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, పాదాన్ని నేల మీద ఈడుస్తూ అట్లానే నడిచిపోయింది.

"అమ్మా, చెప్పు!"

బొమ్మక్క కిందికి చూసుకుంది. చెప్పు పోయిన సంగతి ఆమెకు తెలియనే లేదు.

దేవిప్రియ గబగబా వచ్చి ఆమె ముందు కూర్చుంది. "వేళ్ళు పైకెత్తు." కుడికాలి వేళ్ళు లేచాయి. ఎడంకాలి వేళ్ళు కదిలీ కదలనట్టు కదిలి పడిపోయాయి. బొమ్మక్క మొహమంతా చెమట పట్టింది.

"ఇట్లా ఎప్పట్నుంచి?"

"తిమ్మిరి. అంతే."

"ఇంక మాటలు చాలు," లక్ష్మణసామి తువాలు దులుపుతూ లేచాడు. "బోర్లా పడుకో బొమ్మక్కా. పాపా, ఈమారు గట్టిగా తొక్కు. పోయినమారు మెల్లగా తొక్కినావు, అందుకే మిగిలిపోయింది."

"నేను తొక్కను."

"ఏమంటివి?"

"తొక్కను నాయినా. చచ్చినా తొక్కను."

లక్ష్మణసామి గొంతు వీధి దాకా వినిపించింది. "ఊరి నడుములన్నీ తొక్కినావే! కన్నతల్లికి కాలెత్తను మనసు రాలేదా? పట్నం పోతే అంత పొగరా?"

"నేను తొక్కినానా, నువ్వు తొక్కించినావా? నిద్రపోతా ఉంటే లేపి ఎవురెవురి మీదనో ఎక్కించినావు. వాళ్ళకి తగ్గిందో లేదో ఒకరోజన్నా పోయి అడిగినావా? అమ్మ కాలు చూడు. చెప్పు పోయింది కూడా తెల్దు ఆమెకి! ఇంత జరుగుతుంటే నీకు మిరపకాయలు ముఖ్యమైపోయినాయా?"

"అది నాటకం. తొక్కినాక బాగుండాదని దాని నోటితోనే చెప్పింది!"

"బాగుండాదని చెప్పింది నీకు!" అని వసారాలోంచి కార్తీశ్వరి లేచింది. ఇన్నాళ్ళు బిగబట్టిన మాట ఇక ఆమె నోట్లో ఆగలేదు. "పాప బస్సెక్కినాక ఆ మాపే అక్క నేలమీద పడి, నోట్లో కొంగు కుక్కుకోని ఏడ్చింది మామా. అప్పట్నుంచే ఈ కాలు ఈడ్చుకోని నడిచేది. ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకునింది."

దేవిప్రియకు కోపం కట్టలు తెంచుకుంది. "ఏమిటికి దాచినావు? నీ కాలు పడిపోతా ఉంటే నవ్వుకుంటా నిలబడుంటావా? నన్ను మళ్ళీ తొక్కనిచ్చేదానివా?"

"చెప్తే?" బొమ్మక్క కూడా అరిచింది. అంత గట్టిగా ఆమె అరవగా దేవిప్రియ ఎన్నడూ వినలేదు. "ఊరేమంటాది? కన్నతల్లినే కుంటిదాన్ని చేసిందంటాది. ఆ మాట నీ అత్తగారింటి దాకా పోతాది. అది విని నువ్వు నిద్రపోతావా?"

దేవిప్రియ చాప చుట్టి మిరపకాయల కుప్ప మీదికి విసిరికొట్టింది. బాడుగకారు నడిపే తన మొగుడు గోకులకృష్ణన్‌కి ఫోన్ చేసి ఉన్నపళాన రమ్మంది. లక్ష్మణసామి ఏదో అనబోయి, భార్య పాదం వైపు చూసి మానుకున్నాడు.

బొమ్మక్కను వెనక సీట్లో పడుకోబెట్టి, సాత్తూరు మీదుగా విరుదునగర్ తీసుకుపోయారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బొమ్మక్కను వెల్లకిలా పడుకోబెట్టి ఎడంకాలు నిటారుగా పైకెత్తింది. జానెడు లేవకముందే బొమ్మక్క కేక పెట్టింది. ఒంటేలు తెలియకుండా పోతోందా, తొడల మధ్య మొద్దుబారిందా అని అడిగి, అట్లాంటిదేమీ లేదంటే "అంతవరకు నయం" అంది. వెంటనే నడుంకి స్కాన్ రాసింది.

"నొప్పి కాల్లో గదమ్మా? నడుంకి స్కాన్ ఏమిటికి?" లక్ష్మణసామి అరవంలో అడిగాడు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. వెన్నుపూసల మధ్య ఒక్కొక్క మెత్త ఉంటుంది, దాన్నే డిస్క్ అంటారు. బొబ్బట్టు చిరిగినచోట నొక్కితే పూర్ణం బయటికొచ్చినట్టు, ఆ మెత్త పై పొర చిరిగితే లోపలి గుజ్జు బయటికి ఉబుకుతుంది. అక్కడి నరాలే కలిసి కాల్లోకి దిగే పెద్ద నరమవుతాయి. గుజ్జు వాటిని ఒత్తుతుంది గనుక నొప్పి కాల్లో తెలుస్తుంది, తప్పు నడుంలో ఉంటుంది. దీన్నే సయాటికా అంటారు.

"ఈమె నిలబడుతుంది, నడుస్తుంది. కూర్చోను మాత్రం కాదంటుంది," అన్నాడతను.

"చాలామందికి అంతే. కూర్చున్నా, వంగినా అక్కడ ఒత్తిడి ఎక్కువవుతుంది. నిలబడితే కొంచెం సులువుగా ఉంటుంది. నేల మీద వంగి కూర్చుని చేసే పని చాలా కష్టం."

లక్ష్మణసామి మొహం మాడిపోయింది. దేవిప్రియ మాత్రం జాలిపడలేదు. "విన్నావా నాయినా, నాటకం సంగతి?" అంది మెల్లగా. ఆ తర్వాత డాక్టరు వైపు తిరిగి అడిగేసింది. "నేను తొక్కినందుకేనా డాక్టర్?"

"దానివల్లనే అని ఎవరూ తేల్చి చెప్పలేరు. డిస్క్ అంతకుముందే జారి ఉండవచ్చు. కానీ అట్లాంటి నడుంని తొక్కడం చాలా ప్రమాదం. మామూలుగా చాలామందికి మందులతో, జాగ్రత్తతో, వ్యాయామంతో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కాలి బలం పోతుంటే మాత్రం చూస్తూ ఊరుకోకూడదు."

స్కాన్ వచ్చాక మర్నాడే ఆపరేషన్ అన్నారు. పాదంలో బలం ఎంత తిరిగొస్తుందో ముందుగా చెప్పలేమన్నారు.

వార్డులో దేవిప్రియ అమ్మ పాదం పట్టుకుని కూర్చుంది. కోపం ఇంకా చల్లారలేదు. "నా పేరు కోసం నీ కాలు పోగొట్టుకుంటావా? ఏం పేరమ్మా అది?"

బొమ్మక్క పైకప్పు చూస్తూ చెప్పింది. "నువ్వు పుట్టినప్పుడు ఎదురుకాళ్ళ బిడ్డ ఇంటికి కీడనిరి. మీ అవ్వ నిన్ను ఎత్తుకోలేదు. నాకు కడుపు మండిపోయె. నీకు నడక రాగానే, నేనే గడప ముందర పడుకోని నిన్ను నడుం మీద నిలబెట్టుకొంటిని. పట్టంతా పోయిందని ఊరంతా చెప్తిని. అప్పుడు నాకు నడుంనొప్పే లేదు పాపా."

మంచం అవతల లక్ష్మణసామి బిత్తరపోయి నిలబడ్డాడు. దేవిప్రియ ఆదివారాలన్నిటినీ మింగిన ఆ నమ్మకాన్ని, అవ్వ తనను ఎత్తుకునేలా చేయడానికి, అమ్మే తన కాళ్ళకి తగిలించింది.

అంతలో లక్ష్మణసామి ఫోన్ మోగింది. ఊరి నుంచి నల్లసామి. బస్తా ఎత్తబోతే నడుం పట్టిందట, కాల్లోకి లాగుతోందట, పాప వచ్చిందని విన్నాడట.

"పాప… ఊళ్ళో లేదప్పా," లక్ష్మణసామి నసిగాడు.

"ఇట్లా ఇవ్వండి," అని బొమ్మక్క చెయ్యి చాపింది. "నల్లసామీ, నేను బొమ్మక్కని. నా బిడ్డ నన్ను తొక్కినాకనే నా కాలు పడిపోయింది. రేపు ఆపరేషన్. దాని కాల్లో మందూ లేదు, కీడూ లేదు. అందరి కాళ్ళలాంటి కాలే అది. నువ్వు ఎవురి చేతా తొక్కించుకోవద్దు, ఆస్పత్రికి రా."

ఇన్నాళ్ళు ఊరికి దాచిన మాటని ఆ ఊరివాడికే చెప్పేసి ఆమె ఫోన్ తిరిగి ఇచ్చింది.

లక్ష్మణసామి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "విన్నావా నల్లసామీ? తొక్కమన్నది నేను. ఊళ్ళో ఎవురన్నా పాపను ఒక్క మాట అంటే నన్నొచ్చి అడగమను." ఆ తర్వాత ఫోన్ పెట్టేసి, భార్య పాదం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పట్టుకోవచ్చా అన్నట్టు కూతురి వైపు చూశాడు.

దేవిప్రియ వెంటనే జరగలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూశాక, పక్కకి ఒత్తిగిలి కొంచెం చోటిచ్చింది.